6, 7, 8 తరగతుల లెక్కల క్లాసు: హోంవర్క్, మార్కులు, నియమాలు ఎలా పెట్టుకోవాలి

డీఎస్సీ రాసి, పోస్టింగ్ తీసుకుని, దేవరకొండ వైపో అచ్చంపేట వైపో హైస్కూల్లో లెక్కల సారుగానో మేడంగానో చేరినవాళ్ల కోసం రాస్తున్నాను. పాఠం ఎలా చెప్పాలో మీకు బీఈడీలో చెప్పే ఉంటారు. నలభై ఎనిమిది నోటు పుస్తకాలు బల్ల మీద కుప్ప పడితే ఏం చేయాలో ఎవరూ చెప్పరు. నేను తెలుసుకున్నది ఒక్కటే. నవంబరులో పత్తి ఏరే రోజుల్లో సగం క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు, మీకు జ్వరం వచ్చి లేచినప్పుడు కూడా నడిచే నియమమే పెట్టుకోవాలి. జూన్ 12న బడి తెరిచిన హుషారులో పెట్టినవి ఆగస్టు దాటవు.

1. మొదటి వారం పాఠం మొదలుపెట్టకండి

వచ్చిన పిల్లలకు ఏం వచ్చో, ఏం రాదో ముందు చూడండి. ఒక తెల్లకాగితం మీద పది చిన్న లెక్కలు ఇస్తే చాలు. రెండంకెల గుణకారం, భాగహారం, సగం ఎంత, పావు ఎంత, స్కేలుతో ఒక గీత కొలవడం, గడియారం చూసి టైం చెప్పడం. దీనికి మార్కులు వేయొద్దు. "ఇది పరీక్ష కాదు, నాకోసం" అని గట్టిగా చెప్పండి. లేకపోతే పక్కవాడి కాగితం చూసి రాస్తారు, మీకు క్లాసులో ఒక్క పిల్లవాడి సంగతే తెలుస్తుంది.

ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు మొదలుపెట్టబోయే మీకు భాగహారం రాని పిల్లలు పదిహేను మంది కనిపిస్తారు. కంగారు పడకండి. ఆ పదిహేను పేర్లు రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఏప్రిల్ దాకా పనికొస్తుంది.

2. నాలుగు నియమాలు, అంతకు మించి వద్దు

గోడ మీద చార్టు కట్టి పద్నాలుగు నియమాలు రాసిన క్లాసులు చూశాను. పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు, రాసిన సారుకూ గుర్తుండదు. నా క్లాసులో ఉన్నవి ఇవి.

బోర్డు దగ్గర తప్పు చేసినవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు. లెక్కల నోట్సులో రబ్బరు వాడకూడదు, తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ చేయాలి. హోంవర్క్ రాకపోతే ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక చుక్క పెట్టి తేవాలి. నాలుగోది నాకు. తీసుకున్న పుస్తకం రెండు రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే క్లాసు నన్ను అడగొచ్చు.

రబ్బరు నియమానికి మొదట్లో పిల్లలు ఒప్పుకోరు. ఐదో తరగతి దాకా నీట్‌గా ఉంటేనే "వెరీ గుడ్" పడింది కదా మరి. కానీ చెరిపేసిన తప్పు నాకు కనపడదు, కనపడని తప్పును నేను దిద్దలేను. కొట్టేసినదానికి మార్కు పోదని రెండుసార్లు చేసి చూపిస్తే నమ్ముతారు.

సామాను గురించి ఒక మాట. కంపాస్ బాక్స్ తేలేదని పిల్లవాణ్ణి బయట నిలబెట్టకండి. ఇంట్లో కొనలేదేమో, కొన్నది చెల్లె ఎత్తుకుపోయిందేమో. బీరువాలో ఆరు బాక్సులు, పది స్కేళ్లు పెట్టుకోండి. పీరియడ్ అయ్యాక లెక్కపెట్టి తీసుకునే పని ఒక పిల్లకు అప్పగించండి. మా దగ్గర ఆ పని చేసే అమ్మాయి నాకంటే స్ట్రిక్ట్.

కర్ర గురించి చెప్పక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెంటినీ నిషేధించింది. కానీ కర్ర పక్కన పెట్టి, అదే పని మార్కులతో చేసేవాళ్లు ఉన్నారు. మాట్లాడితే రెండు మార్కులు కట్, లేటుగా వస్తే ఒకటి కట్. అలా చేస్తే రిజిస్టరులో 3 అని ఉన్నప్పుడు వాడికి భిన్నాలు రావా, లేక బస్సు లేటా అన్నది మీకే తెలియదు. అల్లరికి వేరే దారి చూడండి, మార్కు జోలికి పోకండి.

3. హోంవర్క్: రోజుకు మూడే లెక్కలు

ఈ విషయంలో నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

కొత్తలో రోజూ అభ్యాసం మొత్తం ఇచ్చేవాణ్ణి. పది, పన్నెండు లెక్కలు. పొద్దున పుస్తకాలు కుప్ప పడేవి. జవాబు మీద ఒక చూపు, ఎర్ర టిక్కు, సంతకం, తేదీ. ఒకసారి శాతాల అభ్యాసంలో 400లో 16 శాతం ఎంత అన్న లెక్క ఉంది. అందరి జవాబూ 46. వరసగా టిక్కులు వేసుకుంటూ పోయాను. ఒక అమ్మాయి పుస్తకంలో 64 ఉంది. అందరికీ 46 ఉంటే ఈమెకు 64 ఏమిటని ఇంటు కొట్టాను. మూడు రోజుల తర్వాత బోర్డు మీద అదే లెక్క చేస్తుంటే నాకే 64 వచ్చింది. ఏదో గైడులో అంకెలు తారుమారుగా అచ్చయ్యాయి, క్లాసంతా అందులోంచి దించారు. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి పుస్తకం తీయిస్తే, తను చేసిన 64 కొట్టేసి పక్కన 46 రాసుకుని ఉంది. కింద నా సంతకం.

ఆ రోజు నుంచి చూడలేని హోంవర్క్ ఇవ్వడం మానేశాను. ఇప్పుడు మూడే లెక్కలు ఇస్తాను, ఇరవై నిమిషాల పని. ఒకటి ఇవాళ చెప్పినది. ఒకటి నెల కింద చెప్పినది, మరిచిపోకుండా. ఒకటి ఇంటి లెక్క.

ఇంటి లెక్క అంటే జవాబు ఏ గైడులోనూ ఉండదు, ఫోన్ కెమెరాకూ దొరకదు. "నిన్న మీ అమ్మ ఎన్ని కిలోల పత్తి ఏరింది, కిలోకు ఎంత ఇచ్చారు, మొత్తం ఎంత?" ఒక్కొక్కరి జవాబు ఒక్కోలా ఉంటుంది, పక్కవాడిది దించి లాభం లేదు. మిర్యాలగూడ వైపు అయితే వడ్ల బస్తాలు, నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలున్న ఊళ్లలో కాయల లెక్క, గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో నూలు లెక్క. ఏ ఊళ్లో ఏది జోకుతారో అది పట్టుకోండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. బస్సు చార్జీ లెక్క ఇస్తే ఆడపిల్లలు "సార్, మాకు జీరో టికెట్" అంటారు. కరెంటు బిల్లు లెక్క ఇస్తే సగం మంది "జీరో బిల్లు సార్" అంటారు. బిల్లులో యూనిట్లు ఉంటాయి కదా, డబ్బులు వదిలేసి యూనిట్లతో చేయించండి.

4. దిద్దడం: రోజుకు ఎనిమిది పుస్తకాలు

క్లాసులో 48 మంది, వారానికి ఆరు రోజులు. రోజుకు ఎనిమిది పుస్తకాలు పూర్తిగా చూడండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకుంటే పదహారు నిమిషాలు. లీజర్ పీరియడ్‌లో అయిపోతుంది, ఇంటికి మోయక్కర్లేదు. ఏ రోజు ఎవరి వంతో ముందే చెప్పొద్దు, చెబితే మిగతా ఐదు రోజులు చేయరు. మిగిలిన నలభై మందీ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు జతగా కూర్చుని జవాబులు పోల్చుకుంటారు. జవాబు కలవని చోట ఇద్దరూ వాదించుకోవాలి. ఆ గోల మంచిదే, హెచ్‌ఎం తొంగిచూస్తే చూడనివ్వండి.

దిద్దేటప్పుడు పెద్ద ఇంటు గుర్తు కొట్టకండి. తప్పు ఎక్కడ మొదలైందో ఆ వరుస కింద గీత పెట్టి, పక్కన ఒక అక్షరం రాయండి. నేను వాడేవి నాలుగు. "చ" అంటే లెక్క సరిగ్గా చదవలేదు. "గు" అంటే ప్లస్, మైనస్ గుర్తు తప్పింది. "లె" అంటే కూడిక, గుణకారంలో పొరపాటు. "ప్ర" అంటే ప్రమాణం, అంటే మీటరా, చదరపు మీటరా, గుంటా అన్నది తప్పింది. వారం తిరిగేసరికి పిల్లవాడి పేజీ మీద ఏ అక్షరం ఎక్కువుందో వాడికే కనిపిస్తుంది.

ఏడో తరగతిలో మీకు ఎక్కువ పడేది "గు". −3 − 5 ఎంత అంటే సగం మంది +8 అంటారు. "మైనస్ మైనస్ ప్లస్ కద సార్!" గుణకారానికి చెప్పిన సూత్రాన్ని అన్నిచోట్లా అతికిస్తారు. నియమం మళ్లీ చెప్పకండి. కిరాణం కొట్టులో 3 రూపాయల ఉద్దెర ఉంది, ఇంకో 5 ఉద్దెర పెట్టొచ్చావు, ఇప్పుడు సేటు నీకు ఇవ్వాలా, నువ్వు సేటుకు ఇవ్వాలా అని అడగండి. నవ్వుతారు, −8 రాస్తారు.

5. మెట్టు మెట్టుకు మార్కు వేయండి

జవాబు వస్తే నాలుగు, లేకపోతే సున్నా అన్న పద్ధతి లెక్కలకు అన్యాయం చేస్తుంది. ఒక లెక్క తీసుకుని దగ్గరగా చూద్దాం.

"ఒక రైతుకు 3 ఎకరాల 20 గుంటల భూమి ఉంది. అందులో 2/5 వంతు బత్తాయి తోట. తోట ఎంత?" నాలుగు మార్కులు.

ఒకడు ఇలా రాశాడు: 3.20 × 2/5 = 1.28. కాబట్టి 1 ఎకరం 28 గుంటలు.

తప్పే. ఎకరానికి నలభై గుంటలు. 3 ఎకరాల 20 గుంటలంటే 140 గుంటలు, అందులో 2/5 వంతు 56, అంటే 1 ఎకరం 16 గుంటలు. కానీ వాడు 3.20 ఎక్కడినుంచి తెచ్చాడో ఆలోచించండి. ఊళ్లో మూడెకరాల ఇరవై గుంటలను 3.20 అనే రాస్తారు, వాళ్ల నాయన కాగితాల మీద అదే చూశాడు. మనం దశాంశాల పాఠంలో చెప్పే 3.20 వేరు, ఊరి 3.20 వేరు. దశాంశంలో రాస్తే ఆ భూమి 3.5 ఎకరాలు అవుతుంది. ఈ ముక్క పాఠ్యపుస్తకం చెప్పదు, మనమే చెప్పాలి.

ఇక మార్కులు. వంతు అంటే గుణించాలని తెలిసినందుకు ఒకటి. 3.20ని 2/5తో సరిగ్గా గుణించినందుకు ఒకటి. గుంటల్లోకి మార్చనందుకు ఒకటి పోయింది. చివరి జవాబు తప్పు కాబట్టి ఇంకొకటి పోయింది. నాలుగుకు రెండు, గీత 3.20 కింద, పక్కన "ప్ర". పక్కవాడి నుంచి 1 ఎకరం 16 గుంటలు అని ఒక్క జవాబే దించినవాడికి ఒకటి. ఇది పిల్లలకు ముందే తెలియాలి. స్లిప్ టెస్టు (చిన్న రాత పరీక్ష) పెట్టే ముందు రోజు ఈ పంపకం బోర్డు మీద రాసి చూపించండి, తర్వాత "సార్, వాడికెందుకు ఎక్కువ?" అన్న పంచాయితీ ఉండదు.

6. ఎఫ్‌ఏ ఇరవై మార్కులు నింపడం

మన దగ్గర, అంటే తెలంగాణలో, నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (చదువు సాగుతుండగా చూసేవి), రెండు ఎస్‌ఏలు (పెద్ద పరీక్షలు). ఎఫ్‌ఏ 20 మార్కులు. పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు, ఒక్కోదానికి 5. ఎస్‌ఏ 80. దానికి 20 మార్కుల ఎఫ్‌ఏల సగటు చేర్చితే నూరు.

రికార్డు అడిగిన రోజు రాత్రికి రాత్రి కూర్చుని అందరికీ 17, 18 వేసే అలవాటు మనలో ఎంతమందికి ఉందో మనకు తెలుసు. దానికి మందు ఒక జేబు పుస్తకం. రోజుకు ఐదుగురి పేర్ల పక్కన ఒక మాట. "బోర్డు దగ్గర వివరించింది", "మంచి ప్రశ్న అడిగాడు", "తన తప్పు తనే పట్టుకున్నాడు". భాగస్వామ్యం ఐదు మార్కులూ అందులోంచే వస్తాయి. బుద్ధిగా కూర్చున్నందుకు ఐదు వేయకండి, బుద్ధిగా కూర్చోవడం లెక్క కాదు.

రాత అంశాలకు వేరే ఏమీ చేయక్కర్లేదు, రోజుకు ఎనిమిది చూసిన పుస్తకాలే ఆధారం. పుస్తకంలో "ఇవి చేయండి", "ప్రయత్నించండి" అని ఉన్న లెక్కలు సొంతంగా చేశారా లేదా అన్నది మాత్రం చూడండి.

ప్రాజెక్టు దగ్గర బుక్‌స్టాల్ నుంచి కొన్న చార్టు ఒప్పుకోకండి. రంగురంగుల చార్టుకు ఐదు, చింపిన నోట్సు పేజీ మీద వాడకట్టులో ఇరవై ఇళ్లకు తిరిగి ఎవరింట్లో ఎన్ని మేకలున్నాయో పట్టిక వేసినవాడికి మూడు. ఇలా వేసిన పాపం నాకూ ఉంది.

స్లిప్ టెస్టు చిన్నగా, చెప్పి పెట్టండి. నాలుగు ప్రశ్నలు. అన్నీ "సాధించండి" రకం వద్దు, ఒకటి కారణం చెప్పేది ఉండాలి. "1/2 + 1/3 = 2/5 అని రాజు అన్నాడు. ఒప్పుకుంటావా? ఎందుకు?" మన విద్యాప్రమాణాల్లో సమస్యాసాధన ఒక్కటే లేదు. కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం కూడా ఉన్నాయి. ఒక పిల్ల ఇలా రాసింది: "ఒప్పుకోను. సగం రొట్టె తిని ఇంకా తింటే సగం కంటే తక్కువ ఎట్లయితది?" భాష చూసి మార్కు తగ్గించకండి. 2/5 సగం కంటే తక్కువని ఆమె పట్టేసింది.

భాష మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో గోర్ బోలి (లంబాడీ భాష) మాట్లాడతారు, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. క.సా.గు. అన్నా ఎల్‌సీఎం అన్నా ఒప్పుకోండి. మాటల లెక్కలను పరీక్షలో ఒకసారి పైకి చదివి వినిపించండి. మనం పరీక్షించేది లెక్క, చదువుడు కాదు.

7. రాని రోజుకు సున్నా వేయొద్దు

ఒక పిల్లకు మూడు స్లిప్ టెస్టుల్లో 4, 4, 5 వచ్చాయి. నాలుగోదానికి రాలేదు. సున్నా వేస్తే సగటు 3.25. రాసినవాటికే తీస్తే 4.33. సగటు పాఠం చెప్పే మనమే సున్నాకూ ఖాళీకీ తేడా మరిస్తే ఎలా?

దసరా దాటాక పాలమూరు వైపు అమ్మానాన్నలు ముంబై, పుణె వలస పోతారు. కొందరు పిల్లలను వెంట తీసుకుపోతారు, కొందరు నాయనమ్మ దగ్గర వదిలిపోతారు. నవంబరులో పత్తి చేలు పిలుస్తాయి. రాని రోజున గడిలో గీత పెట్టండి. తిరిగి వచ్చిన వారంలో మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు కూర్చోబెట్టి, అంకెలు మార్చి అదే టెస్టు పెట్టండి. నెల రోజులు రానివాళ్లకు ఆ నెల హోంవర్క్ అంతా నెత్తిన పెట్టకండి. ఆ నెలలో చెప్పినదాంట్లో ముందు పాఠానికి అవసరమయ్యేది ఏదో చూసి అదొక్కటి నేర్పండి.

టెస్టు రోజు బడికి వచ్చినవాళ్లకు కూడా తిరగరాసే అవకాశం ఇవ్వండి. రెండు మార్కులు వచ్చినవాడు తప్పు దిద్దుకుని మళ్లీ రాసి నాలుగు తెచ్చుకుంటే నాలుగే వేయండి. సగటు తీయకండి. "మొదటిసారే నాలుగు వచ్చినవాడికి అన్యాయం కాదా?" అని స్టాఫ్ రూంలో అడుగుతారు. వాడి నాలుగు ఎక్కడికీ పోలేదు కదా.

8. ఇంటివాళ్లకు చెప్పడం

పేరెంట్ మీటింగుకు ఎక్కువగా వచ్చేది నాయనమ్మలే. ఒకామె వచ్చి కూర్చోకముందే మొదలుపెట్టింది. "సారూ, మా వోనికి లెక్కలు రావు. వాళ్ల నాయనకు గూడ రాకపోయె." పక్కనే పిల్లవాడు నేల చూస్తున్నాడు. ఇరవైకి పదకొండు అని చెబితే ఆమె మాటకే సాక్ష్యం చెప్పినట్టు. నేను వాడి పుస్తకం తీసి, "అమ్మా, గుణకారం, భాగహారం వస్తున్నయి. భిన్నాలు ఇంకా కుదరలేదు. రొట్టె చేసినప్పుడు వాణ్ణే నాలుగు పాళ్లు చేయమను" అన్నాను. "గంతేనా?" అంది.

ఏం వచ్చో ముందు, ఏం రాలేదో తర్వాత, ఇంట్లో చేయగలిగింది ఒక్కటి. చదువు రానివాళ్లు కూడా చేయగలిగేదై ఉండాలి. అమ్మానాన్నలు వలసలో ఉంటే వాట్సాప్‌లో ఇదే మాట వాయిస్ మెసేజ్ పెట్టండి, అర నిమిషం చాలు. క్లాసు గ్రూపులో అందరి మార్కుల లిస్టు మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

9. ఏప్రిల్లో

ఎస్‌ఏ పేపర్లు దిద్ది, గ్రేడ్లు ఎక్కించాక ఒక పని మిగులుతుంది. జూన్లో రాసుకున్న ఆ పదిహేను పేర్ల కాగితం బయటికి తీయండి. ఎవరికి భాగహారం వచ్చిందో కొట్టేయండి. మిగిలిన పేర్ల పక్కన ఎక్కడ ఆగారో ఒక మాట రాసి, వచ్చే ఏడు ఆ క్లాసు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. బదిలీ అయితే హెచ్‌ఎం చేతిలో పెట్టండి. స్కేళ్లు పదిలో ఎన్ని మిగిలాయో, బీరువా తాళం ఎవరి దగ్గరుందో కూడా దాని మీదే రాయండి.